ఔరేలియో ఫోల్డరు

ఏడుంబావుకి ఫోను.
"నా కంప్యూటర్ నన్ను గుర్తుపట్టడం లేదు" అంది దియొలిందా.
ఏడుపు కాదు, కోపమూ కాదు,
ఆసుపత్రి మంచం పక్కన నిలబడ్డవాళ్ళ గొంతు.

మతొజీన్యుష్‌లో సార్డీన్ చేపల ఫ్యాక్టరీ,
రెండో అంతస్తు, తూకాల గది.
మెట్లెక్కుతుంటే కింద నూనె, ఆవిరి,
చేపల తలలు తెంపే ఆడవాళ్ళ పకపకలు.
పైన ఆమె, చేతులు ఒళ్ళో పెట్టుకుని
ఖాళీ నీలం తెర ముందు.

తెర మీద చెత్తబుట్ట బొమ్మ ఒక్కటే.
మూలన చిన్న అక్షరాలు:
మీరు తాత్కాలిక ప్రొఫైల్‌తో లోపలికి వచ్చారు,
ఇక్కడ చేసినదేదీ మిగలదు.
అందరికీ వర్తించే మాటే,
కానీ పొద్దున్నే ఒక యంత్రం అనకూడదు.

"నిన్న ఏం చేశారు?"
"ఏమీ చెయ్యలేదు."
అందరూ ఇదే అంటారు.
డాక్టరు దగ్గర నేనూ ఇదే అంటాను.
చివరికి తేలింది: రాత్రి గది తుడిచే కుర్రాడు
తన మిషను కోసం ప్లగ్గు పీకాడు,
సరిగ్గా ఆ ఫైలు తన్ను తాను రాసుకుంటున్నప్పుడు.
వాక్యం మధ్యలో కలం లాక్కున్నట్టు.

రీస్టార్ట్. మళ్ళీ రీస్టార్ట్.
రిజిస్ట్రీ తెరిచాను.
మనుషులకి యంత్రం పెట్టుకున్న బారెడు అంకెల పేర్లు.
ఒకే అంకె రెండుసార్లు, ఒకదానికి తోక.
ఆ తోక తీసి ఈ రెండోదానికి తగిలించాను.
పదింట ఆరుసార్లు కుదిరే వైద్యం.
ఇది మిగతా నాలుగులోది.

అప్పుడు చూశాను దారి.
సి డ్రైవు, యూజర్స్, ఆ తర్వాత
ఆమె పేరుండాల్సిన చోట
ఔరేలియో.

"ఎవరీయన?"
కుర్చీ కొంచెం వెనక్కి జరిపింది.
"ఈ సీటు ఆయనది. శుక్రవారం పోయారు.
సోమవారం నన్ను కింది బల్ల నుంచి పైకి పంపారు.
ఏడేళ్ళయింది."
అప్పటి కంప్యూటర్ మనిషి బద్ధకస్తుడు,
ఖాతా పేరు మార్చి చేతులు దులుపుకున్నాడు.
పేరు మారినా ఫోల్డరు మారదు.
తలుపు మీద పలక కొత్తది,
ఇల్లు మాత్రం ఆయనదే.

"కొత్తది కట్టాలి" అన్నాను.
పత్రాలు, ఫొటోలు, బిల్లులు మోశాను.
చెడిన ఆ దాపుడు ఫైళ్ళని మాత్రం వదిలేశాను,
వాటితో పాటు జబ్బూ వస్తుంది.
నలభై నిమిషాలు. ఆమె నారింజ ఒలిచి
సగం నా ముందు పెట్టింది.

కొత్త ఫోల్డరు. దియొలిందా.
దాన్ని కొత్త చెప్పుల్ని చూసినట్టు చూసింది,
కరుస్తాయేమోనని.

మొదటి చీటీ: పడవ పేరు, కిలోలు.
ఫనెకీటా. కింద ఎర్రగీత.
మరిజోలా. ఎర్రగీత.
రేవులో నోటిమీద పుట్టిన పేర్లు, ఎర్రగీతలు, ఎర్రగీతలు.
"ఇవన్నీ దీనికి వచ్చే" అంది,
"నేను వచ్చేసరికే వచ్చు."

అంటే ఆయన నేర్పాడు,
కుడి బటన్ నొక్కి, చేర్చు, చేర్చు అంటూ
ఏళ్ళ తరబడి.
పాత ఇంట్లో వెతికాను, లోపలి అరలో ఉంది,
ఆరు కిలోబైట్లు, మూడువందల పన్నెండు పేర్లు.
సగం పడవలు ఇప్పుడు నీటి మీద లేవు.

అక్షరక్రమంలో కిందికి జరుపుతుంటే
పడవ కానిది ఒకటి తగిలింది:
దియొలిందీన్యా.
తూకం చీటీల్లో ముద్దుపేర్లు రాయరు.
ఆయనున్నంత కాలం ఆమె కింది బల్ల దగ్గర
కత్తి పట్టుకుని ఉంది.

ఆమె చదివింది.
నేను చదవనట్టు మౌస్ జరిపాను.
ఫైలు తెచ్చి కొత్త ఇంట్లో పెట్టాను,
గీతలు ఒక్కొక్కటీ చెరిగాయి.

"పాతది ఏం చేస్తారు?"
"నెల రోజులు ఆగి తుడిచెయ్యాలి. రూలు."
తలూపి నారింజ తొక్కలు కాగితంలో చుట్టింది.

ఫిర్యాదు పుస్తకంలో రాశాను.
కారణం: కరెంటు. పరిష్కారం: కొత్త ప్రొఫైల్.
తుడవాల్సిన తేదీ గడి ఖాళీగా వదిలేసి,
వంగి, ప్లగ్గు మీద టేపు అంటించి,
పెద్దక్షరాలతో: పీకవద్దు.