సగం బ్లేడు

ఆదివారం. ఆరుంబావు.
అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి
ఎటువైపు గోడలు ఎక్కువ పెచ్చులూడి ఉంటే
అటు నడుస్తాను నేను.
మలక్‌పేట బడిలో డ్రాయింగ్ టీచర్ని.
రెండు కొండల మధ్య సూర్యుణ్ణి
ఇరవై ఏళ్లుగా దిద్దించి దిద్దించి
కళ్ళు మొద్దుబారినప్పుడల్లా
ఇట్లా వచ్చి పాత తలుపులు చూసుకుంటాను.

సిద్ది అంబర్ బజార్లో
మూసిన ప్రతి షట్టరుకూ వాడిపోయిన నిమ్మకాయ.
బేగంబజార్లో ఖాళీ మిర్చి బస్తాల మీద
పడుకున్న మనిషి నిద్రలోనే తుమ్మాడు.
ఇంకా లోపలికి, పురానాపూల్ వైపు,
మూసీ వాసన మొదలయ్యేచోట
ఒక నీలం తలుపు.
ఒక రెక్కే మిగిలింది, రెండోదాని చోట రేకు.
గీసుకుంటూ నిలబడిపోయాను.
అక్కడ నిలబడకూడదని
సందులోవాళ్ళకు తెలుసు, కుక్కలకు తెలుసు.
నాకు నీలం రంగు తెలుసు.

"అక్కా, టైమెంతయింది?"
పుస్తకం సంచీలో పెట్టి, ఫోను తీసి,
చెప్పాను కూడా. ఆరూ నలభై.
ఇంకా నలభై అంటుండగానే
ఫోను వాడి చేతిలో ఉంది.

ఇద్దరు. ఒకడు బండి దిగలేదు, ఇంజను ఆపలేదు.
దిగినవాడికి
పెన్సిలుతో వేసి చెరిపేసినట్టు మీసం.
రెండు వేళ్ళ మధ్య సగం బ్లేడు,
పట్టుకునే అంచుకు కాగితం చుట్టి.

భయం తర్వాతెప్పుడో వచ్చింది.
ముందు వచ్చింది మూడో తరగతి.
అదే సగం బ్లేడు, అట్లాగే కాగితం చుట్టి
నాన్న నా పెన్సిలు చెక్కిచ్చేవాడు
"మొన దగ్గర మెల్లగా" అంటూ.
వీడి చెయ్యి వణుకుతోంది.
మెల్లగా, అన్నాను.
నిజంగానే అన్నాను.
వాడికేం వినపడిందో, "చుప్" అన్నాడు.
సంచీ పట్టీ కోశాడు.
బాగానే కోశాడు, ఒక్క గీటులో.

ఆరువందల నలభై రూపాయలు, ఆధార్ కార్డు,
ఇంటి తాళంచెవులు,
ముప్పైమూడున్నర తలుపులున్న పుస్తకం,
ఒక పక్క కొరికిన జామకాయ.
పొట్లంలో దానికి ఉప్పూకారం.

ఠాణాలో రైటర్ పేరడిగాడు.
హేమనళిని.
హేమలత అని రాసుకున్నాడు.
"ఎవరితోని వచ్చిన్రు?"
ఒక్కదాన్నే.
"ఏం పని మీద?"
పనేం లేదు.
"చుట్టాలున్నరా ఈడ?"
లేరు.
"మరి?"
తలుపులు చూడ్డానికి.
పెన్ను ఆగింది.
బల్ల మీద నా పక్కన కూచున్నామె,
ఆమె మేక పోయిందట,
నావైపు జాలిగా చూసింది.
కాసేపటికి ఆయనే ఒక దారి కనిపెట్టి
"కూరగాయల నిమిత్తం వెళ్లుచుండగా" అని రాశాడు.
చెవి మీద మిగిలిన పెన్సిలుతో సంతకం చేయబోతే
పెన్సిలు చెల్లదన్నాడు.

బస్సు ఆడవాళ్ళకు ఉచితమే.
ఆడదాన్నని, ఇక్కడిదాన్నని చెప్పే కార్డు సంచీలో పోయింది.
మేక పోయినామె కొంగుముడి విప్పి
మడతలు మడతలుగా ఉన్న యాభై నోటిచ్చింది.
ఆమె పేరడగడం మర్చిపోయాను.
మేక రంగు మాత్రం అడిగాను.

ఇంటి ముందు మెట్లమీద రెండు గంటలు.
సైకిలు మీద తాళంచెవులు చేసే జహంగీర్ మియా వచ్చి
తీగ దూర్చి, చెవి ఆనించి,
తలుపుతో ఏదో మంతనాలాడి
నిమిషంలో తీసేశాడు.
"తాళం మంచిదే మేడమ్" అన్నాడు
పానాలు సర్దుకుంటూ.
ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు.
ఆయన పాపం, తనూ నవ్వాడు,
డబ్బులు రేపివ్వండన్నాడు.

రాత్రి కూచుని
నీలం తలుపు జ్ఞాపకం మీద వేస్తున్నాను.
రెక్క వచ్చింది. రేకు వచ్చింది.
గడప గీద్దామంటే అక్కడ వాడి కాళ్ళు,
ఒక చెప్పు పట్టీకి పిన్నీసు.
పిన్నీసు వేశాక
చెయ్యి వణకడం మొదలుపెట్టింది.

జామకాయ తిన్నాడో, మూసీలో విసిరేశాడో.
పొట్లం విప్పి చూశాడో లేదో.
పుల్లజామ అది.
ఉప్పద్దుకోకుండా కొరికితే
పళ్ళు పులుస్తాయి.