మూడొందల మీటర్లు

బర్మింగ్‌హామ్‌కి సముద్రం లేదు.
ఏ దిక్కున బయల్దేరినా రెండు గంటల పైమాటే.
అయినా నా బల్ల మీదికి
వారానికి పదో పన్నెండో డైవింగ్ వాచీలు వస్తాయి,
మెత్తటి గుడ్డలో చుట్టుకుని
కొత్తల్లుళ్ళ మర్యాదతో.
ముఖం మీదే రాసి ఉంటుంది: మూడొందల మీటర్లు.
ఒక్కోటి నా అయిదు నెలల జీతం.

పళ్ళ డాక్టరు సోహల్ గారు
కౌంటర్ మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగారు,
"దీంతో చేతులు కడుక్కోవచ్చా?"
నేను నవ్వలేదు.
నవ్వకపోవడానికి కూడా కలిపే ఇస్తారు జీతం.
కడుక్కోవచ్చండీ అన్నాను, మర బిగించి ఉంటే.
"వేడినీళ్ళయితే?"
ఈసారి నేను నీళ్ళు నమిలాను.

ఎప్పుడైనా మునిగారా అని ఎవర్నీ అడగను.
చుట్టు ఉంగరం ఊడదీస్తే వాచీయే చెబుతుంది.
ఉప్పు లేదు. ఇసుక లేదు.
సబ్బు ఉంటుంది, చొక్కా కఫ్ నూలుపోగు ఉంటుంది.
ఒక ప్లీడరు గారి దాంట్లో ఎండిన గోధుమపిండి:
ఆదివారాలు రొట్టె చేస్తారట,
పిండి పొంగడానికి నలభై అయిదు నిమిషాలు
ఆ ఉంగరంతోనే కొలుస్తారట.

వాటి సముద్రం నా దగ్గరుంది.
అరలీటరు నీళ్ళు పట్టే గాజు గొట్టం.
గాలి ఒత్తిడి పెంచి, వాచీని మెల్లగా నీళ్ళలోకి దించి,
ఒత్తిడి వదులుతాను.
కారేదైతే బుడగలు కక్కుతుంది.
కారనిదైతే ఊరికే వేలాడుతూ టైము చూపిస్తుంది.
ఆ కాసేపూ ఎందుకో నేనే ఊపిరి బిగబడతాను.
నాకు ఈత రాదు.

నవంబరులో ఒక గురువారం కైరన్ మల్లిన్ వచ్చాడు.
కాలువ లాకు తలుపుల కింద మరమ్మతు చేసే డైవరు.
ప్లాస్టిక్ వాచీ, బెల్టుకి నల్ల టేపు,
అద్దం నిండా గీతలు.
బ్యాటరీ మార్చాలి. ఏడు పౌండ్లు.
అడుగున టైము ఎలా చూస్తావన్నాను.
"కిందికెళ్ళాక నా చెయ్యే నాకు కనపడదు తల్లీ.
టైము పైవాడు చూసుకుంటాడు."
పైవాడంటే దేవుడు కాదు,
గట్టు మీద తాడు పట్టుకున్న బ్యారీ.
నాలుగుసార్లు లాగితే వచ్చెయ్యాలి.

ఏమేం దొరుకుతాయి అక్కడ?
సైకిళ్ళు, సూపర్‌మార్కెట్ తోపుడు బండ్లు,
ఒకసారి ఖాళీ ఇనప్పెట్టె.
"ఇలాంటివి మాత్రం ఒక్కటీ దొరకలేదు" అని
నా ట్రేలోంచి సోహల్ గారిది తీసి
ఉంగరం తిప్పాడు. టిక్, టిక్, టిక్.
రెండోవైపు తిప్పబోయాడు. తిరగలేదు.

"ఒకవైపే తిరగాలి.
రాయికి తగిలి జరిగినా
నీ గాలి తక్కువుందని చెప్పాలి గానీ
ఎక్కువుందని చెప్పకూడదు.
అబద్ధమాడినా
ప్రాణం దక్కే అబద్ధమే ఆడాలి."
అందంగా ఉందన్నాడు, పెట్టేశాడు.
అసూయేమైనా ఉందేమోనని గొంతులో వెతికాను. లేదు.
చిల్లర ఎంచి ఇచ్చాడు. నాణేలు తడిగా ఉన్నాయి.

శనివారం సోహల్ గారొచ్చారు.
పరీక్ష నెగ్గిందని చెప్పాను,
మూడొందల మీటర్లకీ.
పరీక్షలో నెగ్గింది తన కొడుకన్నట్టు వెలిగిపోయారు.

నేనెవర్ని అనడానికి?
నా బూట్లు మంచుకొండలకు పనికొస్తాయని
డబ్బా మీద రాసి ఉంది.
వాటితో నేను బస్సెక్కుతాను.

కారు ఎక్కడ పెట్టారు, ఎంతసేపటికి కట్టారు? అనడిగాను.
ఇరవై నిమిషాలన్నారు.
ఉంగరం తిప్పి, చుక్కని పెద్దముల్లుకి సరిగ్గా పెట్టి ఇచ్చాను.
బయట వాన.
గుమ్మంలో ఒక్క క్షణం ఆగి
కోటు చేతిని వాచీ మీదికి లాక్కుని
తల తడుస్తున్నా పట్టించుకోకుండా
వెళ్ళిపోయారాయన.