అంచు

ఇన్వర్‌కార్గిల్‌లో జూలై నెలంటే
రంగు ఆరదు.
నాలుగు గంటలు చాలని డబ్బా మీద రాసుంటుంది గానీ
దక్షిణపు గాలికి చదువు రాదు.

ట్వీడీ ఇంట్లో తొమ్మిది గుమ్మాలు,
గోడల కాళ్ళ దగ్గర చుట్టూ జానెడు చెక్క పట్టీ.
మరిగి మరిగి అడుగంటిన టీ రంగు.
పెళ్ళయిన ఏడాది తానే పూశాడట,
రైల్వే షెడ్డులో రాత్రి డ్యూటీ దిగి వచ్చి,
పాత బనీను గుడ్డతో, మూడు చేతులు.
"రీమూ చెక్కని మహాగని అనిపించాలని నా పిచ్చి.
ఎల్స్‌పెత్ నవ్వేది. దొరగారి బంగళా అనేది."

ఇప్పుడాయన చూపు నడిమధ్య
ఒక మసక బిళ్ళ.
ఎదుటి మనిషికి చెవులుంటాయి, ముఖం ఉండదు.
చీకటి నడవాలో చీకటి రంగు గుమ్మం
గోడలో కలిసిపోతుంది.
రెండుసార్లు భుజం, ఒకసారి కనుబొమ.
"తెల్లగా చెయ్యి మెరియానా,
తలుపులు నేనే వెతుక్కుంటాను, వాటి అంచులు చూపించు చాలు."

ముందు కడగాలి.
గోరువెచ్చని సోడా నీళ్ళు, ముతక గుడ్డ.
బొగ్గు పొయ్యి పొగ, మటన్ వేపుళ్ళ జిడ్డు,
ఆయన ఎప్పుడో మానేసిన సిగరెట్లు
బకెట్లోకి దిగాయి.

తర్వాత ఉప్పు కాగితం.
మెరుపు చావాలి, చెక్క బతకాలి.
గాడుల్లోకి వేలికి చుట్టి రుద్దుతుంటే
వెనకే ఆయన, బొటనవేలితో తనిఖీ.
"ఇక్కడింకా నున్నగా ఉంది."
దీపం దించి చూస్తే నిజమే,
గోరంత మేర వార్నిష్ ఇకిలిస్తోంది.
ఇరవై రెండేళ్ళుగా ఇదే పని నాది.
ఏం మాట్లాడతాను?

మేకు గుంటల్లో లప్పం,
దాని మీద తెల్లటి ప్రైమర్.
సాయంత్రానికి నడవా కాస్త వెడల్పైంది.

పొద్దున వచ్చి చూద్దును కదా,
ముడులున్న చోటల్లా పచ్చగా, ఆపైన ఎర్రగా,
కట్టు గుడ్డలోంచి ఊరినట్టు
లోపలి మరక పైకొచ్చేసింది.

ఆయనకు కనపడదు.
రెండు చేతులు వేసి మూత పెట్టేస్తే
డబ్బులిచ్చి పంపేస్తాడు.
శుక్రవారానికి బ్లఫ్‌లో ఇంకో పని ఒప్పుకున్నాను కూడా.
దాచడం దేనికి, ఆ ఆలోచన
కప్పు టీ తాగేంత సేపు నా పక్కనే కూర్చుంది.

"పైకొచ్చిందా?" వంటింట్లోంచి అడిగాడు.
"ఏది?"
"నా రంగు. తేలిగ్గా పోయేట్టు రుద్దలేదులే."

లక్క తెచ్చాను, స్పిరిట్‌లో కరిగిన తెల్ల లక్క.
ముక్కు కాలే వాసన. కిటికీలు తీస్తే కోసే చలి.
ఇంట్లోనే కోట్లు తొడుక్కుని
ఇద్దరం వంతులవారీగా దగ్గాం.
మరక ఎక్కడికీ పోదు.
ఉన్నచోటే ఉంటుంది, పలకరించడం మానేస్తుంది.

ఎనిమిదో రోజు, ఆఖరి చేయి.
అయిదున్నరకే చీకటి. బల్బు వేశాను.
ట్వీడీ నడవా మొదట్లో నిలబడి
తల పక్కకి వంచి, కంటి కొసతో,
కోడిపుంజు చూసినట్టు చూశాడు.
"ఒకటి. రెండు. అదిగో స్నానాల గది.
ఛీ, ఆసుపత్రిలా ఉంది!"
చేతులు జేబుల్లో పెట్టుకుని నడిచాడు,
ఒకటి దాటి, రెండు దాటి.
మూడో గుమ్మం దగ్గర
కుడి చెయ్యి దానంతటదే బయటికొచ్చి
అలవాటుగా చెక్కని పట్టుకుంది.

తడి.

నాలుగు వేళ్ళూ ప్యాంటుకి తుడుచుకుంటూ
"నువ్వేం చూడలేదు" అన్నాడు.
కడిగి పెట్టిన బ్రష్ కోసం
మళ్ళీ సంచీ విప్పాను.