తోడు

కాకినాడ డాక్టరమ్మ చీటీ వెనక
గుండ్రంగా ఒక కణం గీసింది.
దాని గోడ నిండా బుల్లి బుల్లి పంపులు.
"మందు లోపలికి వెళ్తోంది ఏసుపాదం గారూ,
అవి బయటికి తోడి పోసేస్తున్నాయి."

నవ్వొచ్చింది నాకు.
ముప్పయ్యేళ్లుగా అల్లవరంలో నా పనీ అదే కదండీ!
పోటుకి డ్రెయిను ఎదురు తన్నినప్పుడల్లా
ఏ అర్ధరాత్రో లాంతరు పట్టుకెళ్లి
ఫుట్‌వాల్వులో పాచి గీకి, వాషరు మార్చి
మునిగిన చేలోంచి నీళ్లు తోడించడం.
తోడకపోతే చేను కుళ్లిపోద్ది.
దానికీ బతుకే.

అన్నీ తోడవట.
కొన్ని ముసుగు తన్ని పడుకుంటాయి,
మందు ముసురు వెలిసేదాకా.
ఒక లాకు దించేస్తే
పక్క గట్టుకి గండి కొట్టుకుంటాయి ఇంకొన్ని.
ఎక్కడ నేర్చాయని అడగలేదు నేను.
నా కాలేయం,
కాలవల మధ్యే పెరిగింది.

బోదె అవతల్నించి విని చెప్పేవాణ్ణి
ఏ మోటారుకి ఏం జబ్బో.
ఇప్పుడు ఆఖరి బస్సులో
కుడి డొక్క మీద అరచెయ్యేసి వింటున్నాను.
చిన్న చప్పుడైనా లేదు.
ఎవడోగానీ,
మంచి మెకానిక్కే బిగించాడు.