వేలు పెట్టి చూసిన చిప్పు

కాజీపేట దర్గా రోడ్డుల నా దుకాణం.
ఆరడుగుల వెడల్పు.
గోడకు మూడు టీవీలు, మూడింటికీ గొంతు లేదు.
ఇరవై రెండేండ్ల సంది
పెట్టెల పొట్టలు కోసుడు, కుట్టుడు.

సెటప్ బాక్సు మూత ఇప్పంగనే
ముందుగాల మీటర్ పట్ట.
ఒక్క నిమిషం కరెంటు పెట్టి
చూపుడువేలు ఆనిస్త నల్లటి చిప్పు మీద,
పసిపిల్ల నొసలు ముట్టుకున్నట్టు.
జరమున్నదో లేదో వేలే చెప్తది.

ఒక్క కంపెనీ చిప్పు మాత్రం
ఎన్నడూ కాగలే.
నడి ఎండాకాలం, రేకుల ఇల్లు,
బాక్సు మీద మడత పెట్టిన తువ్వాల,
పొద్దంతా సీరియళ్లు.
అయినా రంజన్ల నీళ్ల లెక్క సల్లగ.
దాని వీపు మీది నంబరు
నా పెండ్లి తారీఖు కంటె ముందు నోటికొస్తది.

హన్మకొండ చౌరస్తల మెట్లెక్కితె షేర్ల ఆఫీసు.
ముకుందం సారు కుర్చీ నా దిక్కు తిప్పి అన్నడు:
“మాటకు మాట చెప్పే టీవీ వస్తున్నది ఓదెలూ.
రిమోట్ మీద ఎర్ర బటన్ నొక్కుతరు,
పాటల పోటీకి మంచంల పండుకోని ఓటేస్తరు,
తెర మీద చీర నచ్చితె అక్కడ్నే కొంటరు.
గా మాట్లాడే నోరంత ఈ చిప్పుదే.”
ఆయన నాకు చార్టు చూపిచ్చిండు.
నేను ఆయనకు వేలు చూపిచ్చిన.

చిట్టి ఎత్తి నలభై వేలు.
తెల్వని పనిల వేలు పెట్టకు అంటరు గదా,
నేను వేలు పెట్టి చూసినంకనే
పైసలు పెట్టిన.

మొదటి ఏడు మిర్చి లెక్క లేసింది.
మా బామ్మర్ది సారంగం ఎనుమాముల యార్డుల దడ్వాయి.
మాపటికి ఆయన తేజ రేటు చెప్పేది,
నేను చిప్పు రేటు చెప్పేది,
ఎవరి ఘాటుకు వాళ్లం తుమ్మేది.
ఆయన మిర్చి పండుగ ముంగట పడ్డది, మళ్ల లేసింది.
నాది పడ్డది.

ఎర్ర బటన్ ఎవలూ నొక్కలే.
గిది నాకు ముకుందం సారు చెప్పాల్నా?
రిపేరుకొచ్చిన రిమోట్లల
సౌండ్ బటన్లు అరిగి గుంతలు పడ్డయి,
అంకెలు చెరిగి అంటుకపోయినయి,
ఎర్రది మాత్రం కొన్ననాటి లెక్కనే మెరుస్తాంది.
వందల రిమోట్లు, నా చేతుల్లనే.
దూది పెట్టి తుడిచిన, రబ్బరు మార్చిన,
ముప్పై రూపాయలు తీసుకున్న,
సదువలే.

చిప్పును ముట్టిన వేలు
మనిషి వేలెటు పోతాందో చూడలే.

స్వరూప తిట్టలే. గిన్నెలు కడుక్కుంటనే అన్నది:
“చిప్పు చిప్పు అని కలవరిస్తివి,
కడకు చిప్పే దక్కె.
ఒక్క దీర్ఘం కూడ తప్పలే చూడు.”
“దీర్ఘం కాదే” అన్న.
“ఏదైతేంది, చిప్పనే” అన్నది.
ఇద్దరం నవ్వినం. తర్వాత చాన సేపు నవ్వలే.

ఇంకో ముచ్చట ఎవలకు చెప్పినా నమ్మరు.
కాలిపోయే చిప్పులే నాకు అన్నం పెట్టినయి.
మడికొండల పిడుగు పడ్డ మర్నాడు
నా దుకాణం ముంగట జాతర.
సవ్వకు సారు చేసిన నాసి సరుకు,
వానకో సారి, ఓల్టేజికో సారి సచ్చి
మా పిల్ల ఫీజులు కట్టింది.
కాలని దాని మీద నేను పైసలు పెట్టిన,
కాలేది నా మీద పెట్టింది.

షేర్లు అమ్మలే. ఇప్పుడు అన్నీ కలిపితె
ఒక టంకం తీగ చుట్ట వస్తది.

నిన్న ఒక ముసలమ్మ సంచిల పాత బాక్సు తెచ్చింది.
“బొమ్మ లేదు బిడ్డా, పలుకు లేదు.”
మూత ఇప్పిన. అదే నంబరు.
కరెంటు పెట్టి వేలు ఆనిచ్చిన.
సల్లగున్నది.
బతికున్న సల్లదనమా,
పానం పోయిన సల్లదనమా,
ఇరవై రెండేండ్ల వేలు
మొదటిసారి ఏం చెప్పలే.

మీటర్ తీసిన.
ముసలమ్మ స్టూలు మీద కూసోని
గొంతు లేని మూడు టీవీలు
ఒకదాని తర్వాత ఒకటి చూస్తాంది.