కాస్త ఆట

విల్సన్ గార్డెన్ ల్యాబులో ఏసీ మరీ చల్లగా పెట్టను.
చలికి గుండె అబద్ధం చెబుతుంది.
కాఫీ తాగొచ్చినా చెబుతుంది,
మెట్లెక్కి వచ్చినా, ఇంట్లో పోట్లాడి వచ్చినా.
అందుకే ఎవరినైనా పావుగంట ఊరికే పడుకోబెడతాను.

ఇవాళ చౌడప్ప.
ముళబాగిలు తెలుగు, సిటీబస్సు డ్రైవరు,
ఇరవై రెండేళ్ల సర్వీసు, పదహారేళ్ల షుగరు.
లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయట.
"సిల్క్‌బోర్డు సిగ్నల్లో కమ్మలేదు తల్లీ,
ఆడ కూచునే ఉంటా గదా"
అని తనే నవ్వాడు.

రొమ్ము మీద మూడు బిళ్ళలంటించాను.
నా చెయ్యి లేస్తే పీల్చాలి, దిగితే వదలాలి.
అయిదు లెక్కపెట్టేంత పైకి,
అయిదు లెక్కపెట్టేంత కిందికి.
పీల్చేటప్పుడు గుండె కాస్త తొందరపడాలి,
వదిలేటప్పుడు కాస్త నిదానించాలి,
తెర మీద గీత అలలా లేవాలి.

లేవలేదు.

దెబ్బకీ దెబ్బకీ నడుమ
ఎనిమిది వందల పది మిల్లీసెకన్లు,
ఎనిమిది వందల పన్నెండు,
మళ్ళీ పది, పదకొండు,
ఇస్త్రీ చేసి మడత పెట్టినట్టు.

తల తిప్పి తనూ చూశాడు.
"గడియారం మాదిరి కొట్టుకుంటా ఉంది. మంచిదే గదా?"

అందరికీ చెప్పే మాట నా దగ్గర ఒకటుంది:
మనల్ని అడక్కుండా లోపల పనిచేసే నరాలు రెండు జట్లు,
ఒకటి యాక్సిలరేటరు, ఒకటి బ్రేకు,
వాటి తగువే లయలోని ఎగుడుదిగుడు, అని.
డ్రైవరు ముందు ఆ పోలిక తీయడానికి సిగ్గేసింది.
"మరీ గడియారంలా ఉండకూడదన్నా" అన్నాను, అంతే.

చాలాసేపు సీలింగు చూశాడు.

"స్టీరింగులో ఆట ఉంటాది సూడు,
చక్రం కదలకుండా చేతిలో ఇంత తిరిగేది.
ఎక్కువైతే బండి తాగినోడి మాదిరి పోతాది.
అసలు లేకుంటే
రోడ్డు మీద ప్రతి గుంతా వచ్చి భుజంలో కొడతాది.
కాస్త ఆట ఉండాల."

పదకొండేళ్ళు ఈ గదిలో గీతలు చదివాను.
ఆ మాట నాకు తట్టలేదు.

లేపి నిలబెట్టాను.
రక్తపోటు ముప్పై దిగింది.
పరుగెత్తి ఆదుకోవాల్సిన గుండె
ఏమీ ఎరగనట్టు తన నడకే నడిచింది.
మోచెయ్యి పట్టుకున్నాను.
ఏప్రిల్ ఎండలో బస్టాపు నుంచి నడిచొచ్చిన మనిషి,
వచ్చినప్పుడూ చెమట లేదు, ఇప్పుడూ లేదు,
పాత టికెట్టు కాగితంలా పొడి చెయ్యి.

బిళ్ళలు పీకితే మూడు గుండ్రటి అచ్చులు.
చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకుంటూ
నా వైపు చూడకుండా అడిగాడు:
"ఇంకెన్నాళ్ళు తోలచ్చు?"

"డాక్టర్ శర్వాణి చెప్తారు" అన్నాను.

నాకప్పుడు ఏ తీగా తగిలించి లేదు.
గీత ఎక్కడా పడలేదు.