పదకొండో మంచం

అనంతపురం పెద్దాసుపత్రి, మగవాళ్ల వార్డు.
కుళ్లాయప్ప, ఊరు కంబదూరు.
రోజుకు లీటరు నీళ్లే.
ఆయన స్టీలు లోటా మూడు వందలు పడుతుందని
సిరంజితో కొలిచి తెలుసుకున్నాను.
గుక్కకు ఇరవై. బిళ్ల మింగిన నీళ్లూ లెక్కే.

"ఎంత తాగినావు పెద్దాయనా?"
"నాలుక తడిసినంత, మా."
అది ఎన్ని మిల్లీలీటర్లో ట్రైనింగులో చెప్పలేదు.
పది అని రాశాను.

అన్నం మాత్రం పూటపూటా ఖాళీ తట్ట.
పూర్తి, పూర్తి, పూర్తి అని వారం రాశాను.
భుజం ఎముక మాత్రం రోజుకింత బయటికొస్తోంది.

నిన్న రాత్రి తెర పక్కకు లాగితే
మంచం కింద తిప్పక్క, గోడవైపు తిరిగి,
చప్పుడు కాకుండా ముద్ద మింగుతోంది.
పైనుంచి వేలాడిన ఆయన చెయ్యి
తట్ట జరక్కుండా పట్టుకుంది.

"ఆయప్పకు రెండు మెతుకులే దిగుతాయి పాపా.
పారేస్తే ఎట్ల?"
మూతి కొంగుతో తుడుచుకుంది.

వారం కాగితాల మీద కొట్టివేతలు.
పూర్తి కొట్టేసి పావు. ప్రతి పావు పక్కనా నా సంతకం.
పెద్ద సిస్టరు అడిగితే ఏదో చెప్పుకుంటాను.

వంటగదికి చీటీ పంపాను: పదకొండుకు రెండు తట్టలు.
మస్తానయ్య చీటీ పట్టుకుని పైకొచ్చాడు.
"ఒక్క మంచానికి ఇద్దరా, సిస్టరూ?"

లెక్క సరిపోవాలంటే అంతే, అన్నాను.